భోజనానంతరం మొదటి ర్యాంకు

కూర్మనాధం మాస్టారికి లోకంలో రెండే రెండు తీపి వస్తువులంటే ప్రాణం. ఒకటి మైసూర్‌పాకు, రెండోది పొగడ్త. మొదటిది డాక్టరు మానిపించాడు. రెండోది ఎవరూ పెట్టలేదు. చంపావతి విద్యాపీఠంలో తల నెరిసేదాకా లెక్కలు చెప్పినా ఆయన్ని ఒక్క కమిటీలో వేసిన పాపాన పోలేదు. ఆఖరికి క్యాంటీను కమిటీలో కూడా తెలుగు మాస్టారే ఉన్నాడు, ఆయనేమో ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకుంటాడు. అందుకని ఉపకులపతిగారు స్వయంగా కబురంపి, "తమ మేధాసంపత్తి ఈ సంస్థకు తక్షణావసరం" అన్నప్పుడు మాస్టారు కూర్చోవడం కూడా మరిచిపోయి నిలబడే తల ఊపాడు. దేనికని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు, ఒక ఆడపిల్లకి అంత అవస్థా ఉండేది కాదు.

ఉపకులపతి ఆచార్య విరూపాక్షంగారు అప్పుడే ఒక సదస్సు నుంచి దిగారు. ఆయన ఏ సదస్సుకు వెళ్ళినా జలుబుతో అన్నా వస్తారు, కొత్త ఆలోచనతో అన్నా వస్తారు. జలుబైతే సంస్థకు నష్టం లేదు. ఈసారి ఆలోచన వచ్చింది.

"ఒకే ప్రవేశపరీక్ష అనే సంకుచిత దృక్పథానికి కాలం చెల్లిందండీ" అన్నారాయన, సమావేశపు బల్ల మీద జీడిపప్పు పళ్ళేన్ని తన వైపుకి జరుపుకుంటూ. "ప్రత్యామ్నాయ ప్రామాణిక పరీక్షలను సమాదరించడం నేటి యుగధర్మం. ప్రతిభ ఏ పరీక్షలో ప్రకాశించినా ప్రతిభే కదా. ప్రవేశాలకూ అదే, ఉపకారవేతనానికీ అదే. ఏ పరీక్ష దేనికి సమానమో నిగ్గుతేల్చడానికి సమతుల్యతా నిర్ధారణ సంఘం వేస్తున్నాం. లెక్కల మనిషి కనుక కూర్మనాధంగారే దానికి సంచాలకులు."

ఉపకారవేతనం అనగానే మాస్టారి చెవులు నిక్కాయి. ఎప్పుడో పోయిన ఒక జూట్ మిల్లు షావుకారు పెట్టిన నిధి అది. నాలుగేళ్ళ ఫీజు, పుస్తకాలు, మధ్యాహ్నం మెస్సులో భోజనం. ఏడాదికి ఒక్కరికే. ఆ ఒక్కరూ ఈ ఏడు తన సుకన్యే అని మాస్టారు ఎప్పుడో నిశ్చయం చేసేసుకున్నాడు.

సుకన్య బస్టాండు దగ్గర ఇడ్లీ బండి అప్పలకొండ కూతురు. సాయంత్రాలు మాస్టారి వీధరుగు మీద కూర్చుని లెక్కలు చేసేది. పిల్ల చురుకు. మాస్టారు బోర్డు మీద తప్పు చేస్తే, తప్పని అనకుండా "మాస్టారూ, అది మరొక్కసారి చెప్పండి" అనేది. టైపు నేర్చుకోడానికి వెళ్తూంటే మాస్టారే మానిపించాడు. "టకటకలాడించడం చదువా? ప్రవేశపరీక్ష ఒక్కటీ రాయి. ర్యాంకు నీది, స్కాలర్‌షిప్పు నీది. పూచీ నాది" అని అప్పలకొండ ఎదుట మాట కూడా ఇచ్చాడు. సీటు రాకపోతే శ్రావణమాసం పెళ్ళిళ్ళ బేరాలకి బట్టల కొట్లో చీరలు చూపించే పనికి పంపుతానని అప్పలకొండ కొట్టు యజమానికి ఒప్పుకొని ఉంది. ఆవిడకీ ఇష్టమై కాదు, చేతిలో డబ్బాడక.

సంచాలకుడైన సంబరంలో మాస్టారు రాత్రి భోజనం కూడా సరిగా చెయ్యకుండా నిబంధనలు రాశాడు. ప్రామాణిక పరీక్ష అనగానేమి? ఒకటి, అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. రెండు, పరీక్షించేవాడికి అభ్యర్థి ఎవడో తెలియకూడదు. మూడు, ఫలితం అంకెల్లో రావాలి. నాలుగు, అభ్యర్థి ముందస్తుగా సిద్ధమై రావాలి. ఈ నాలుగూ ఉన్నది ఏదైనా ప్రవేశపరీక్షకు ప్రత్యామ్నాయమే. రాసింది తనే పైకి చదువుకుని తనే మురిసిపోయాడు.

మర్నాడు రిజిస్ట్రారు దామోదర పట్నాయక్ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. కామా లేకపోతే కడుపునొప్పి వచ్చే మనిషి ఆయన.

"ఆమోదిత పరీక్షల జాబితాలో మన ప్రవేశపరీక్షను కూడా చేర్చమంటారా?"

మాస్టారు నవ్వాడు. చాలాకాలానికి దొరికిన నవ్వు. "ఏ వస్తువైనా తనకు తాను సమానమేనండీ పట్నాయక్‌గారూ. ఏడో తరగతి కుర్రాడికి కూడా తెలిసిన సంగతి. దాన్ని రాస్తే మనల్ని చూసి నవ్వుతారు."

"అక్కర్లేదన్నట్టు రాసుకోమంటారా?"

"రాసుకోండి." పిల్లలు ఎంత తేలిక మెట్టు దాటేసినా మార్కు కోసే మాస్టారు, తను మాత్రం మొదటి మెట్టు చెంగున దాటేశాడు.

ప్రకటన పేపర్లో పడ్డాక వారం తిరక్కుండా విద్యాపీఠం గేటు దగ్గర జాతర మొదలైంది. టైపు లోయరువాళ్ళు వచ్చారు, ఫర్వాలేదు. హిందీ ప్రాథమికవాళ్ళు వచ్చారు, సరే. ఆ తర్వాత లారీ లైసెన్సువాళ్ళు వచ్చారు. అందరికీ ఒకే ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమంటారు కాబట్టి ఒకే పరీక్ష అన్నమాట. పోలీసు ఎంపికలో ఛాతీ కొలతలు ఇచ్చినవాడొకడు ఊపిరి బిగబట్టి ఎంత, వదిలి ఎంత అని రెండు మార్కులు తెచ్చాడు. కంటి డాక్టరు రాసిన చీటీ పట్టుకొచ్చిన కుర్రాడికి ఆరుకి ఆరు వచ్చింది. నూటికి నూరన్నమాట. పైగా అది అక్షరాలు చదివించే పరీక్ష. "అక్షర పరీక్షను విద్యాసంస్థ తిరస్కరిస్తే లోకం హర్షించదు" అన్నారు విరూపాక్షంగారు. మాస్టారు తన నాలుగు నిబంధనలూ తీసి చూసుకున్నాడు. నాలుగూ నెగ్గాయి. సంతకం పెట్టాడు.

అసలు దెబ్బ కాంట్రాక్టరు తవిటినాయుడు రూపంలో వచ్చింది. ఆయన కొడుక్కి చదువు తప్ప అన్నీ వచ్చు. నాయుడు ఒక ల్యాబు కాగితం బల్ల మీద పరిచాడు. కొడుక్కి చేయించిన సుగరు పరీక్ష. మేనమామ పెళ్ళి భోజనం తర్వాత తీయించాడట. నూట అరవై నాలుగు.

"ఇది రక్తపరీక్షండీ" అన్నాడు మాస్టారు.

"పరీక్షే గదండి మరి" అన్నాడు నాయుడు తాపీగా. "అందరికీ ఒకటే సూది. గుచ్చినోడికి మావోడెవడో తెలీదు. అంకె వచ్చింది. రొండు పూటలు పస్తుండి, మూడో పూట పీకల్దాకా తిని ముందస్తుగా తయారై ఎల్లినాడు. ఇంకేటి కావాల మీకు?"

మాస్టారు ఉపకులపతిగారి వైపు చూశాడు, కాపాడతాడేమోనని.

"ఇది మీ ఏ నిబంధనను అతిక్రమించిందో సెలవివ్వండి" అన్నారాయన.

మాస్టారు వెతికాడు. దేన్నీ అతిక్రమించలేదు. "కానండీ, ఇది రోగ నిర్ధారణ."

"రోగమన్నది మీ పూర్వాభిప్రాయం. సంస్థ అంకెను మాత్రమే చూస్తుంది." ఆయన పట్నాయక్ వైపు తిరిగారు. "మార్కుల్లోకి మార్చే కొలబద్ద సిద్ధం చేయండి."

"సున్నా ఎక్కడో తెలుసండీ. నూరు ఎక్కడ పెట్టాలి?" అన్నాడు పట్నాయక్.

అక్కడితో నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ మాస్టారు వాదనలో పడ్డాడు. జేబులోంచి సొంత కాగితం, పొద్దున్నే తెచ్చుకున్నది, తీసి బల్ల మీద కొట్టాడు. "ఇదిగో, నాది. భోజనానంతరం మూడు వందల పన్నెండు. దీన్ని కూడా ప్రతిభంటారా?"

విరూపాక్షంగారు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నారు. "ఇంతవరకూ సంస్థ దృష్టికి వచ్చిన అత్యున్నత ఫలితం ఇదే. సంచాలకులవారి ఫలితాన్నే నూటికి నూరుగా స్థిరపరుద్దాం." తవిటినాయుడు లేచి నమస్కారం పెట్టాడు. పట్నాయక్ ఆ కాగితాన్ని మిగతా వాటితో పాటు ఫైలులో గుచ్చేశాడు. మాస్టారు ఛీ అనుకుంటూనే నవ్వాడు. ఏం చేస్తాడు పాపం, ఇన్నేళ్ళ ఉద్యోగంలో నూటికి నూరు అన్నమాట ఆయన గురించి వినబడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఊళ్ళో జరిగింది చెప్పనక్కర్లేదు. కోచింగు సెంటర్లు లెక్కలూ సైన్సూ ఎత్తేసి పరగడుపు బ్యాచి, భోజనానంతర బ్యాచి అని బోర్డులు కట్టాయి. పొద్దున్న జిలేబీ, మధ్యాహ్నం బొబ్బట్లు, సాయంత్రం నమూనా పరీక్ష. వ్యాయామం చేస్తూ దొరికిన కుర్రాళ్ళని సెంటర్ల నుంచి వెళ్ళగొట్టారు. ప్రవేశపరీక్ష రోజున మాత్రం పరీక్షహాలు ఖాళీగా కనిపించింది. రాసినవాళ్ళలో మొదటి ర్యాంకు సుకన్యది. నూటికి తొంభై ఒకటి.

ఆ మార్కుల కాగితం పట్టుకుని సుకన్య విద్యాపీఠానికి వెళ్ళింది. అరగంటలో మాస్టారింటికి వచ్చింది. ఏడవలేదు, అరుగు మీద కూర్చుంది.

"తీసుకోనన్నారు మాస్టారూ. నాది ప్రత్యామ్నాయం కాదంట."

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టాడో లేదో పట్నాయక్ గదిలో ఉన్నాడు. పట్నాయక్ మొహంలో జాలి, చేతిలో జాబితా.

"ప్రవేశపరీక్షకు ప్రత్యామ్నాయంగా ప్రవేశపరీక్షను అంగీకరించే నిబంధన లేదండీ. అడిగాను కూడాను. తమరే అక్కర్లేదన్నారు."

"అది అక్కర్లేనంత తేలిక గనకనయ్యా."

"అక్కర్లేదు అని ఉంది. తేలిక అని లేదు."

"పోనీ ఇప్పుడు చేర్చండి."

"సవరణలు వచ్చే విద్యాసంవత్సరమేనండీ. ఈలోగా అమ్మాయిని వేరే ఏదైనా ప్రామాణిక పరీక్ష తెచ్చుకోమనండి. గడువు సోమవారం."

మాస్టారు మెట్లు దిగుతూ తన చెంప తనే వాయించుకోవాలనుకున్నాడు. చుట్టూ పిల్లలు ఉన్నారని ఊరుకున్నాడు. టైపు అంటే తనే మానిపించాడు. లారీ లైసెన్సుకి పిల్లకి వయసు చాలదు. కంటి పరీక్ష అంటే సుకన్యకి కళ్ళద్దాలు, అవి కూడా మసక వెల్తుర్లో అరుగు మీద తను చేయించిన లెక్కల చలవే. మిగిలింది రక్తం.

శనివారం పొద్దున్న అప్పలకొండ కూతుర్ని ల్యాబుకి తీసుకెళ్ళింది. వెనకాల మాస్టారు, తోడు పెళ్ళికొడుకులా. ఎనభై ఎనిమిది వచ్చింది. కొలబద్ద ప్రకారం ముప్పై మార్కులు కూడా రావు. అప్పలకొండ పిల్లని ఇంటికి తీసుకుపోయి బెల్లం పాకంలో ఇడ్లీ ముంచి పెట్టింది. అరిసెలు పెట్టింది. మాస్టారు తను తినకూడని మైసూర్‌పాకు కిలో కొని తెచ్చి, దగ్గర కూర్చుని కొసరి కొసరి తినిపించాడు. సుకన్య కళ్ళు మూసుకుని మింగింది. మళ్ళీ పరీక్ష. తొంభై ఆరు.

"మంచి ఆరోగ్యమమ్మా. మీ పాపకి ఏ జబ్బూ నేదు" అన్నాడు ల్యాబు కుర్రాడు సంతోషంగా.

అప్పలకొండ బెంచీ మీద కూలబడి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నాను సేసిన పాపమేటి బాబూ. ఇంటెడు తీపి తిన్నా మూడు మార్కులైనా పెరగలేదు." పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరికో పెద్ద రోగమే వచ్చిందనుకుని మంచినీళ్ళు ఇచ్చారు. ఒంట్లో బాగున్నందుకు తల్లి ఏడవడం మాస్టారు ఎక్కడా చూడలేదు. ఈ ఘనత ఎవరిదని అడిగితే వేలు తన వైపే చూపించుకోవాలి. ఆయనకి ఒళ్ళంతా సిగ్గేసింది.

ఫలితాలు బోర్డుకెక్కిన రోజున మాస్టారు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఎవరికొస్తే తనకేమిటి, సుకన్యకి రాదు కదా అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదకొండింటికి వీధిలో డప్పులు వినబడ్డాయి. తెలుగు మాస్టారు, గుమాస్తాలు, వెనక పిల్లలు, ఒక దండ. దండ మాస్టారి మెళ్ళో పడింది.

మొదటి ర్యాంకు గంటి కూర్మనాధం, నూటికి నూరు. ఫైలులో గుచ్చిన కాగితాలన్నీ దరఖాస్తులే అనుకుంది కార్యాలయం. వయోపరిమితి మాట నిబంధనల్లో లేదు, ఎందుకంటే రాసినాయనకి తట్టలేదు. కంటి చీటీ కుర్రాడికీ నూటికి నూరే, కానీ ఆరుకంటే మూడు వందల పన్నెండు పెద్ద అంకె అని తేల్చారు. రక్తపరీక్షవాళ్ళలో తర్వాతివాడు లడ్డూలు తిని తిని కూడా నూట తొంభై దాటలేకపోయాడు.

భార్య శ్యామలాంబ వంటింట్లోంచి వచ్చి ఆయన్ని, దండనీ చూసింది. "ఇన్నేళ్ళూ తీపి తినొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చదువుకుంటున్నారని తెలీక" అంది.

మాస్టారు ఆ దండతోనే ఉపకులపతిగారి గదికి పరిగెత్తాడు. "నాకొద్దండీ. ఆ సుకన్యకివ్వండి."

"ప్రథమ విజేత పరిత్యజిస్తే నిధి మిగులుగా పరిగణించబడుతుంది. దాంతో సింహద్వారానికి రంగులు వేయిస్తాం" అన్నారు విరూపాక్షంగారు. "రంగు కూడా నిర్ణయించాం. వంగపండు రంగు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. బుర్ర గిర్రున తిరిగింది, కానీ లెక్కల బుర్ర కదా, తిరిగినా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. మెల్లగా అన్నాడు. "అయ్యా, పరీక్షకి ప్రత్యామ్నాయం ఉండొచ్చు కదా?"

"ఉండవచ్చునేమిటి, ఉండి తీరాలి."

"అలాగే విద్యార్థికి మాత్రం ప్రత్యామ్నాయం ఎందుకు ఉండకూడదు? సీటు నాది. తరగతిలో కూర్చునేది నా ప్రత్యామ్నాయ ప్రామాణిక విద్యార్థి. హాజరు పిలిస్తే పలుకుతుంది, పరీక్ష పెడితే రాస్తుంది. విద్యార్థి చెయ్యవలసిన పనులు అంతకంటే ఏమున్నాయి?"

విరూపాక్షంగారు లేచి మాస్టారి భుజం తట్టారు. "ప్రత్యామ్నాయ విద్యార్థి. ఈ భావన ఏ సదస్సులోనూ రాలేదు. తక్షణం ఆమోదిస్తున్నాను."

"పట్టా ఎవరి పేరు మీద ఇవ్వాలండీ?" అన్నాడు పట్నాయక్, కలం తెరిచి.

"అసలు అభ్యర్థి పేరు మీదే. దానికి ప్రత్యామ్నాయం లేదు."

మాస్టారు ఆ సాయంత్రం బస్టాండుకి వెళ్ళి ఇడ్లీ బండి పక్కన నిలబడి సంగతంతా చెప్పాడు. పట్టా సంగతి దాచేద్దామనుకున్నాడు. దాచలేకపోయాడు.

"నాలుగేళ్ళు నాను చదివితే పట్టా మీకొస్తాదా మాస్టారూ?" అంది సుకన్య.

"అవునమ్మా. ఈలోగా ఏదో ఒకటి చేస్తాను." ఈ మాట అంటూంటే తన గొంతు తనకే బోలుగా వినిపించింది. పూచీ నాది అన్న నోరే కదా అది.

సుకన్య ప్లేట్లు కడుగుతూ ఆలోచించింది. అప్పలకొండ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"చదువైతే నాకే గదా వచ్చీది?"

"నీకే."

"అయితే వస్తాను."

తరగతులు మొదలయ్యాయి. మొదటి సంవత్సరం లెక్కలు కూర్మనాధం మాస్టారివే. లోపలికి వచ్చి చూస్తే బెంచీల నిండా పిల్లలు. లారీ లైసెన్సువాడు, ఛాతీవాడు, ఆరుకి ఆరు చూపువాడు, వెనక వరసలో ఆవులిస్తూ తవిటినాయుడి కొడుకు. మూడో బెంచీ చివర కళ్ళద్దాల్లోంచి సుకన్య. కొత్త పద్ధతి ఎలా నడుస్తోందో చూడ్డానికని ఉపకులపతిగారూ పట్నాయకూ వచ్చి గుమ్మం దగ్గర కుర్చీలు వేయించుకున్నారు.

మాస్టారు పాఠం అందుకున్నాడు. బోర్డు మీద ఒక లెక్క వేసి, ఇది ఎవరు చెబుతారు అని అడిగాడు. ఎవరూ కదల్లేదు. సుకన్య లేచింది. లెక్క చెప్పింది, ఆ తర్వాత కొంచెం ఆగి ఇంకో దారిలో కూడా చెప్పింది. ఆ రెండో దారి మాస్టారికే తట్టలేదు. ఆయన మనసు ఒక్కసారిగా నిండిపోయింది. అలవాటు కొద్దీ నోరు జారింది.

"శభాష్ సుకన్యా."

గుమ్మం దగ్గర పట్నాయక్ హాజరు పట్టీ తిరగేశాడు. "సుకన్య ఎవరండీ? ఈ తరగతిలో ఆ పేరుగల అభ్యర్థి లేరే. బయటివాళ్ళయితే పంపించెయ్యాలి."

పిల్లలందరూ తలలు తిప్పి మూడో బెంచీ వైపు చూశారు. సుకన్య ఇంకా నిలబడే ఉంది, చేతులు బెంచీ అంచుని గట్టిగా పట్టుకుని. విరూపాక్షంగారు మాస్టారి జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. మాస్టారు ఎన్నో ఏళ్ళుగా ఎవరి నోటినుంచైనా వినాలని కాచుకున్న మాట, ఇప్పుడు అందరిముందూ తన నోటితోనే, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ అనవలసి వచ్చింది.

"శభాష్, కూర్మనాధం" అన్నాడు. "బాగా చెప్పావు. కూర్చో."

తరగతంతా గొల్లుమంది. ఉపకులపతిగారు చప్పట్లు కొట్టారు. సుకన్య నవ్వలేదు, తల వంచుకుని కూర్చుంది, లెక్క రాసుకుంది.